పవరు పెంచినా అందని ట్యాగులు: ఒక దుస్తుల గోదాములో డాక్ డోర్ రీడర్ల సర్దుబాటు

నేపథ్యం

ఇది ఒక రెడీమేడ్ దుస్తుల పంపిణీ గోదాములో, ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లతో, అంటే రేడియో తరంగాలతో ట్యాగులను దూరం నుంచే చదివే పరికరాలతో జరిగిన పని. సంస్థ, ఊరు, పరికరాల తయారీదారుల వివరాలు ఇవ్వడం లేదు. అక్కడ లారీలకు సరుకు ఎక్కించే డాక్ డోర్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య దూరం 4 మీటర్లకు మించదు. ఒక్కో డోరుకు ఒక స్థిర రీడరును అమర్చి, దానికి కుడివైపు రెండు, ఎడమవైపు రెండు చొప్పున నాలుగు సర్క్యులర్ పోలరైజ్డ్ (ట్యాగు ఎటు తిరిగి ఉన్నా చదవగల) యాంటెన్నాలు బిగించారు. ప్రతి దుస్తుకు వేలాడే ధర చీటీలోనే 96 బిట్ల ఈపీసీ సంఖ్య (ఆ ఒక్క వస్తువుకే చెందిన గుర్తింపు సంఖ్య) ఉన్న యూహెచ్‌ఎఫ్ (అత్యధిక ఫ్రీక్వెన్సీ) ట్యాగు ఉంటుంది. దుస్తులను అట్టపెట్టెల్లో సర్ది, పెట్టెలను పాలెట్ మీద పేర్చి, హ్యాండ్ పాలెట్ ట్రక్కుతో మనుషులే డోరు గుండా లాగుతారు. నిండు పాలెట్ మీద సుమారు 500 నుంచి 600 ట్యాగులు ఉంటాయి. పాలెట్ డోరు ముందుకు రాగానే ఫొటో సెన్సరు రీడరును మేల్కొలుపుతుంది, దాటిపోగానే ఆపుతుంది. ఈ వ్యవధి దాదాపు 3 సెకన్లు.

ఎదురైన సమస్య

గోదాము బృందం రెండు ఫిర్యాదులు చెప్పింది. మొదటిది, నిండు పాలెట్లలో పంపకాల జాబితాతో పోలిస్తే నూటికి 20 దాకా ట్యాగులు లెక్కలోకి రావడం లేదు. రెండోది, పక్క డోరు ముందు నిలబెట్టిన సరుకులోని ట్యాగులు ఈ డోరు లెక్కలో కలిసిపోతున్నాయి. మొదటి ఫిర్యాదుకు మందుగా వాళ్లు అప్పటికే రెండు రీడర్ల పవరునూ గరిష్ఠానికి పెంచి ఉంచారు. దానివల్ల రెండో ఫిర్యాదు ముదిరింది, మొదటిది మాత్రం అలాగే ఉండిపోయింది. సమీపంలోని సెల్ టవరు వల్లే ఇదంతా జరుగుతోందన్న అభిప్రాయం కూడా అక్కడ బలంగా ఉంది.

నా దృష్టిని ఆపినవి మాటల మధ్యలో వచ్చిన రెండు చిన్న విషయాలు. సగం నిండిన పాలెట్లలో లోటు దాదాపు కనబడదు. లోటు వచ్చిన పాలెట్‌ను వెనక్కి లాగి మళ్లీ తోస్తే, మొదటిసారి అందని ట్యాగుల్లో చాలా భాగం రెండోసారి అందుతాయి. పవరు చాలకపోవడమే కారణమైతే, పెట్టెల నడుమ ఉన్న ట్యాగు రెండోసారి కూడా మౌనంగానే ఉండాలి కదా?

బ్యాటరీ లేని ట్యాగు రీడరు జాబితాలోకి రావాలంటే మూడు జరగాలి. ట్యాగులోని చిప్పు మేల్కొనేంత శక్తి దానికి అందాలి. మేల్కొన్న తరువాత, మిగతా ట్యాగుల మధ్య దానికి మాట్లాడే వంతు రావాలి. అది పలికిన బలహీనమైన జవాబు రీడరుకు వినిపించాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా తెర మీద కనబడేది ఒక్కటే, ట్యాగు లేదు అని. మందు మాత్రం మూడింటికీ వేరు. పవరు పెంచడం మొదటిదానికే పనిచేస్తుంది. రెండోదానికి అది హాని కూడా చేయవచ్చు, ఎందుకంటే దూరంగా నిద్రపోతున్న అనవసరపు ట్యాగులను లేపి వరసను ఇంకా పొడిగిస్తుంది. కాబట్టి ఏ సెట్టింగునైనా ముట్టుకునే ముందు, ఇక్కడ తప్పుతున్నది ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలని నిర్ణయించాము.

ముందుగా చూసినవి

రీడరు ఏ దేశపు నిబంధనలకు అమర్చి ఉందో చూడటం మొదటి పని. మన దేశంలో ఈ పనికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేకుండా అనుమతించారు. 2021లో దాన్ని 868 వరకు విస్తరించారు. అమెరికా అమరిక 902 నుంచి 928 మధ్య పనిచేస్తుంది కాబట్టి, అలా అమర్చిన రీడరును ఇక్కడ నడపడం నిబంధనలకు విరుద్ధం. రెండు రీడర్లూ భారత అమరికలోనే ఉన్నాయి.

కేబుళ్లు మాత్రం వేరే కథ చెప్పాయి. రీడరు నుంచి పై యాంటెన్నాలకు దాదాపు 10 మీటర్ల సన్నని కేబులు వేశారు. ఆ రకం కేబులులో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర 10 మీటర్లకు మూడున్నర డెసిబెల్ దాకా పోతుంది. 3 డెసిబెల్ అంటేనే సగం శక్తి. అంటే తెర మీద 30 డీబీఎం అని, అంటే 1 వాట్ అని కనబడుతున్నా, యాంటెన్నాకు చేరేది అందులో సగం కంటే తక్కువే. కింది యాంటెన్నాలకు కేబులు పొట్టిది కాబట్టి వాటికి ఎక్కువ శక్తి చేరుతోంది. ఒకే సంఖ్య రాసి ఉన్న నాలుగు యాంటెన్నాలు నాలుగు రకాలుగా పనిచేస్తున్నాయన్నమాట. ఒక డోరు పై యాంటెన్నా కనెక్టరు సగమే బిగించి ఉంది. తక్కువ నష్టం ఉండే మందపు కేబులు వేయించి, కనెక్టర్లన్నీ మళ్లీ బిగించి, ప్రతి యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగివచ్చే శక్తిని కొలిచిన తరువాతే మిగతా పరీక్షలు మొదలుపెట్టాము. ఈ మెట్టు దాటకుండా చేసే పవరు పరీక్ష ఏదీ నమ్మదగినది కాదు.

సెల్ టవరు అనుమానాన్ని కూడా అక్కడే తేల్చేశాము. అది నిరాధారమైన అనుమానమేమీ కాదు. 869 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే మొబైల్ పట్టీలో టవర్లు ప్రసారం చేస్తాయి, అది మన ఆర్‌ఎఫ్‌ఐడీ పట్టీకి బాగా దగ్గర. రెండు రీడర్ల ప్రసారాన్నీ ఆపి, ఒక రీడరుతో కేవలం విని చూస్తే శబ్దస్థాయి, అంటే అనవసరపు రేడియో సంకేతాల బలం, తక్కువగానే ఉంది. పక్క రీడరు ప్రసారం మొదలుపెట్టగానే అది స్పష్టంగా పెరిగింది. ఉన్న ఇరుగుపొరుగు జోక్యం బయటి టవరుది కాదని, పక్క డోరుదేనని తేలింది.

నిలబెట్టిన పాలెట్ చెప్పింది

తరువాతి పరీక్ష చాలా సాదాది. ఎక్కువ లోటు చూపిన నిండు పాలెట్‌ను డోరు మధ్యలో కదలకుండా నిలబెట్టి, పక్క రీడరును ఆపి, ఒక నిమిషం పాటు చదివించాము. జాబితాలోని ట్యాగుల్లో నూటికి 99కి పైగా వచ్చాయి. అదే పాలెట్‌ను అదే పవరుతో, మామూలు వేగంతో లాగితే మళ్లీ పెద్ద లోటు కనబడింది. శక్తి అందని ట్యాగుకు నిమిషం ఇచ్చినా, గంట ఇచ్చినా ఒకటే. కాబట్టి ఈ ట్యాగులకు శక్తి అందుతోంది, వాటి జవాబు వినబడుతోంది, చాలనిది సమయమే. తప్పుతున్నది రెండోది, అంటే వంతు.

తరువాత పవరును 18 డీబీఎం నుంచి ఒక్కో డెసిబెల్ పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర ఎన్ని వేర్వేరు ట్యాగులు వచ్చాయో రాసుకున్నాము. కొత్త కేబుళ్లతో 25, 26 దగ్గరకు వచ్చేసరికి సంఖ్య పెరగడం ఆగిపోయింది. 28 దాటాక మళ్లీ పెరిగింది, కానీ కొత్తగా వచ్చినవి పాలెట్‌వి కావు, పక్కన నిలబెట్టిన సరుకువి. పవరును 27 దగ్గర ఆపాలన్న నిర్ణయం ఈ రెండు మలుపుల మధ్య నుంచి వచ్చింది. మొదటి మలుపు కంటే కొంచెం పైన ఉండాలి, ఎందుకంటే పెట్టెలు పేర్చిన తీరు రోజూ మారుతుంది. రెండోదానికి కింద ఉండాలి.

వంతు చాలదన్న మాటను లెక్కతో కూడా సరిచూశాము. రీడర్లు తయారీదారు ఇచ్చిన డెన్స్ రీడర్ మోడ్‌లో, అంటే చాలా రీడర్లు దగ్గరదగ్గరగా ఉన్నచోటికి ఉద్దేశించిన అమరికలో ఉన్నాయి. అంటే ట్యాగు జవాబు మిల్లర్ 4 సంకేతపద్ధతిలో, 250 కిలోహెర్ట్జ్ లింకు ఫ్రీక్వెన్సీతో, సెకనుకు 62.5 కిలోబిట్ల వేగంతో వస్తుంది. ఈపీసీ 96 బిట్లు, దాని ముందు వచ్చే నియంత్రణ పదం 16, చివర తప్పుల తనిఖీ 16, మొత్తం 128 బిట్లు. ఇవి రావడానికే 2 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. దానికి ముందు ట్యాగు చెప్పే 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య, రీడరు ఆదేశాలు, వాటి మధ్య విరామాలు, ఢీకొన్న వంతులు (ఒకటికి మించిన ట్యాగులు ఒకేసారి మాట్లాడినవి), ఖాళీ వంతులు అన్నీ కలిపితే సెకనుకు 150 నుంచి 200 ట్యాగుల కంటే ఎక్కువ ఆశించలేము. 3 సెకన్లలో ఒక్క ట్యాగు కూడా రెండోసారి మాట్లాడకపోయినా 600 దాటడం కష్టం. వాస్తవంలో అవి పదేపదే మాట్లాడుతున్నాయి.

దానికి కారణం సెషన్ సెట్టింగు. ఈ ట్యాగులు, రీడర్లు పాటించే జెన్2 ప్రమాణంలో ప్రతి ట్యాగు ఎస్0 నుంచి ఎస్3 వరకు నాలుగు సెషన్లకు, అంటే నాలుగు వేర్వేరు లెక్కింపులకు, నాలుగు గుర్తులు ఉంచుకుంటుంది. చదవబడగానే ఆ సెషన్ గుర్తు ఏ నుంచి బీకి మారుతుంది. ఎస్0 సెషన్‌లో శక్తి పోగానే గుర్తు ఏకి తిరిగివస్తుంది. మన రీడరు నాలుగు యాంటెన్నాలను ఒకేసారి నడపదు, ఒకదాని తరువాత ఒకటి నడుపుతుంది. యాంటెన్నా మారిన ప్రతిసారీ చాలా ట్యాగులకు క్షణకాలం శక్తి తెగుతుంది, అవన్నీ చదవని ట్యాగుల్లా మళ్లీ వరసలోకి వస్తాయి. పైగా రీడర్లు డ్యూయల్ టార్గెట్ పద్ధతిలో ఉన్నాయి, అంటే ఏ గుర్తున్న వాటిని చదివాక బీ గుర్తున్న వాటిని కూడా తిరిగి చదువుతాయి. పెళ్లి పంక్తిలో ముందు కూర్చున్నవాళ్లకే మళ్లీ మళ్లీ వడ్డిస్తూ పోతే చివరి విస్తళ్లు ఖాళీగా ఉండిపోయినట్టు, పెట్టెల అంచున ఉన్న ట్యాగులు పాలెట్ దాటేలోపు ఎన్నోసార్లు చదవబడుతుంటే నడుమ ఉన్నవి ఒక్కసారి కూడా చదవబడటం లేదు. లాగ్‌లో ఒక్కో ట్యాగు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కవేస్తే ఈ చిత్రమే కనబడింది.

నిలవని ప్రయత్నాలు

పక్క సరుకును తొలగించడానికి గోదాము ఐటీ బృందం సిగ్నల్ బలం ఆధారంగా వడపోత పెట్టమని అడిగింది. ఒక స్థాయి కంటే బలహీనంగా వినిపించిన ట్యాగును వదిలేయడం దీని ఉద్దేశం. దీన్ని ప్రయత్నించాము, నిలవలేదు. తిరిగివచ్చే సంకేతం దూరం రెట్టింపైతే 12 డెసిబెల్ తగ్గుతుంది కాబట్టి ఖాళీ హాలులో ఈ వడపోత బాగానే పనిచేస్తుంది. కానీ పెట్టె నడుమ, బట్టల మడతల మధ్య ఉన్న దగ్గరి ట్యాగు, బయట తెరిచి ఉన్న దూరపు ట్యాగు కంటే బలహీనంగా వినబడటం ఇక్కడ రోజువారీ విషయం. ఎక్కడ గీత గీసినా మనకు కావలసినవే కొన్ని పోతున్నాయి. ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. నేల నుంచి, షట్టర్ల నుంచి వచ్చే ప్రతిబింబాలు కలిసి అరచేతి వెడల్పు తేడాలో కూడా బలాన్ని పెంచి తగ్గిస్తాయి. ఇలాంటి చోట ఒకే ఒక్క సిగ్నల్ సంఖ్య మీద లెక్క నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

తరువాత ఎస్2 సెషన్, సింగిల్ టార్గెట్ (ఏ గుర్తున్న వాటిని మాత్రమే చదవడం). ఒకసారి చదివిన ట్యాగు శక్తి అందుతున్నంతకాలం బీలోనే ఉంటుంది, శక్తి పోయాక కూడా కనీసం 2 సెకన్లు ఉంటుంది. పెద్ద సంఖ్యలో ట్యాగులను చదవడానికి చాలామంది మొదట సూచించేది ఇదే. పరీక్ష పాలెట్ మీద ఫలితం అద్భుతంగా వచ్చింది. అసలు పని మొదలయ్యాక మాత్రం కొన్ని పాలెట్లలో లోటు మునుపటికంటే పెరిగింది, అదీ ఏ క్రమమూ లేకుండా. ఆరా తీస్తే, లోటు వచ్చినవన్నీ డోరు ముందు వరసలో ఆగి తమ వంతు కోసం చూసిన పాలెట్లే. ముందు పాలెట్ దాటుతున్నప్పుడు వెనక పాలెట్‌లోని కొన్ని ట్యాగులకు కూడా శక్తి అందింది, అవి అనుకోకుండా చదవబడి బీలోకి వెళ్లాయి. ప్రమాణం ఎస్2కు కనీస కాలం చెబుతుంది, గరిష్ఠం చెప్పదు. కొన్ని చిప్పులు ఆ గుర్తును చాలాసేపు పట్టి ఉంచుతాయి. తమ పాలెట్ దాటే వేళకు అవి ఇంకా బీలోనే ఉండి మౌనంగా వెళ్లిపోయాయి. ప్రతి వ్యవధి మొదట్లో అన్ని గుర్తులనూ సెలెక్ట్ ఆదేశంతో ఏకి తిప్పడం ఒక దారి. కానీ పాలెట్ అప్పటికి పూర్తిగా క్షేత్రంలోకి రాదు, ఆ ఆదేశం నడుమ ఉన్న ట్యాగులకు చేరకపోవచ్చు. ఆ దారి పట్టలేదు.

పనిచేసిన అమరిక

ఎస్1 వైపు వెళ్లడానికి కారణం దాని కాలపరిమితికి పైహద్దు ఉండటం. ఎస్1 గుర్తు శక్తి అందుతున్నా, అందకపోయినా 500 మిల్లీసెకన్ల నుంచి 5 సెకన్ల వరకు నిలిచి, తరువాత ఏకి వచ్చేస్తుంది. యాంటెన్నా మారినంత మాత్రాన పోదు కాబట్టి, మొదటి యాంటెన్నా దగ్గర చదవబడినవాటిలో చాలావరకు రెండోదాని దగ్గర మౌనంగా ఉండి నడిమి ట్యాగులకు వంతు వదులుతాయి. వరసలో అనుకోకుండా చదవబడిన పాలెట్ 5 సెకన్లు దాటాక మళ్లీ మాట్లాడుతుంది; రెండు పాలెట్ల మధ్య వ్యవధి ఇక్కడ సాధారణంగా అంతకంటే ఎక్కువే. కొన్ని రీడర్లలో ఎస్1 గుర్తును పునరుద్ధరిస్తూ ట్యాగును మౌనంగానే ఉంచే అదనపు సౌకర్యం ఉంటుంది. అది ఎస్2 సమస్యనే వెనక దారిన తెస్తుంది కాబట్టి దాన్ని ఆపి ఉంచాము.

దీనికి ఒక మూల్యం ఉంది. ట్యాగు ఒకటి రెండుసార్లే చదవబడితే, దాని సిగ్నల్ పెరిగి తగ్గే క్రమాన్ని చూసి అది కదులుతోందా, ఆగి ఉందా అని చెప్పడం సాధ్యపడదు. అంటే పక్క సరుకును సాఫ్టువేరుతో వేరుచేసే దారి దాదాపు మూసుకుపోయింది. రెండు డోర్లూ ఎస్1లోనే ఉన్నందున, పక్క రీడరు మన ట్యాగును చదివితే దాని మౌనం మనకే నష్టం. కాబట్టి పక్క డోరులోకి శక్తి చేరకుండా చూడటం ఇక తప్పనిసరి అయింది. పవరు 27కు తగ్గించడం అందులో ఒక భాగం. యాంటెన్నాలను కొద్దిగా లోపలికి, డోరు మధ్యకు తిప్పాము. రెండు డోర్ల మధ్య ఇనుప జాలీ తెర నిలబెట్టించాము. పాలెట్లు ఆగే పసుపు గీతను వెనక్కి జరిపించాము. గీత జరపడానికి గోదాము మేనేజరును ఒప్పించడం, సెట్టింగులన్నీ కలిపి మార్చడం కంటే ఎక్కువ సమయం తీసుకుంది.

సంకేతపద్ధతి విషయంలో మొదట ఎఫ్ఎం0 చూశాము. అది అన్నిటికంటే వేగం, కానీ శబ్దాన్ని తట్టుకోవడంలో బలహీనం. రెండు డోర్లూ ఒకేసారి పనిచేసినప్పుడు నడిమి ట్యాగులు కొన్ని జారిపోయాయి. మిల్లర్ 2, 320 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరపడ్డాము. సెకనుకు 160 కిలోబిట్లు. 128 బిట్లకు 0.8 మిల్లీసెకను. నిలబెట్టిన పాలెట్ పరీక్షలో వినికిడికి లోటు లేదని ముందే తెలుసు కాబట్టి, మిల్లర్ 4 ఇచ్చే భద్రతలో కొంత వదులుకుని వేగం కొనుక్కోవడం సమంజసమనిపించింది.

క్యూ విలువ గురించి ఒక మాట. రీడరు ప్రతి విడతలో 2 ఘాతం క్యూ అన్ని వంతులు ప్రకటిస్తుంది, ట్యాగులు యాదృచ్ఛికంగా ఒకదాన్ని ఎంచుకుంటాయి. మొదట ఉన్న క్యూ 4, అంటే 16 వంతులు. వందల ట్యాగులు 16 వంతుల మీద పడితే అన్నీ ఢీకొంటాయి. రీడరు తానే క్యూను పెంచుకుంటుంది నిజమే, కానీ యాంటెన్నా మారిన ప్రతిసారీ మొదటి విలువ నుంచే మొదలుపెడుతోంది. వంతులు, ట్యాగులు సమానంగా ఉన్నప్పుడు ఈ పద్ధతి సామర్థ్యం గరిష్ఠంగా 37 శాతం దగ్గర ఉంటుంది. ఏ ఒక్క యాంటెన్నా 600 ట్యాగులనూ చూడదు, ఎస్1 వల్ల చదవబడినవి తగ్గుతూ పోతాయి. అందుకని ఆరంభ విలువను 7 చేశాము, అంటే 128 వంతులు. ఖాళీ వంతు ఢీకొన్న వంతుకంటే త్వరగా ముగుస్తుంది కాబట్టి, సందేహం వచ్చినచోట క్యూ కొంచెం ఎక్కువ వైపే ఉంచడం మేలు. ఒక్కో యాంటెన్నా సమయాన్ని 200 మిల్లీసెకన్లు చేశాము. పాత అమరికలో ఒక్కో యాంటెన్నా సెకను దాకా పట్టుకుని ఉండటం వల్ల నాలుగోదాని వంతు వచ్చేసరికి పాలెట్ లారీలో ఉండేది.

ఈ మార్పులను ఒకేసారి చేయలేదు. ఒక్కొక్కటి మార్చి, అదే పాలెట్‌ను, పెట్టెల పేర్పు కదల్చకుండా, అదే మనిషితో లాగించి, వేర్వేరు ట్యాగుల సంఖ్యను మాత్రమే పోల్చాము. మొత్తం రీడుల సంఖ్యను ఎవరూ చూడకూడదని పట్టుబట్టాను. పాత అమరికలో ఆ సంఖ్యే అందరినీ సంతోషపెట్టింది. ఎస్1కు మారగానే అది బాగా పడిపోయి, సరిగ్గా పనిచేస్తున్న వ్యవస్థ పాడైనట్టు కనబడింది.

మిగిలిన లోటు, గమనికలు

ఇప్పుడు నిండు పాలెట్లలో లోటు నూటికి ఒకటి లోపే ఉంటోంది, పక్క డోరు ట్యాగులు రావడం అరుదు. ఆ ఒక్కటి ఎక్కడుందో వెతికితే రెండు రకాలు కనబడ్డాయి. పలుచని చున్నీలను కట్టలుగా కట్టినప్పుడు ధర చీటీలు ఒకదాని మీద ఒకటి పడి, పక్కపక్క ట్యాగుల యాంటెన్నాలు ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నాయి. మెరిసే లోహపు పూత ఉన్న కానుక పెట్టెల్లోని ట్యాగులకు శక్తే చేరడం లేదు. నిలబెట్టిన పాలెట్ పరీక్షలో నిమిషం ఇచ్చినా రానివి ఇవే. వీటికి ఏ రీడరు సెట్టింగూ మందు కాదు. చున్నీల చీటీలను కట్టలో అటొకటి ఇటొకటి వచ్చేలా కట్టమని ప్యాకింగ్ వాళ్లకు చెప్పాము. కానుక పెట్టెలను డోరు దగ్గర కాకుండా ప్యాకింగ్ బల్ల మీదే, మూత వేయక ముందు చేతి రీడరుతో చదువుతున్నారు.

ఈ అమరికను వేరే గోదాములో యథాతథంగా పెట్టమని నేను చెప్పను. పాలెట్ వేగం తక్కువగా, ట్యాగులు వందలోపు ఉన్నచోట ఎస్0 సరిపోతుంది, పైగా కదలికను గుర్తించడానికి దాని పదేపదే రీడులు పనికివస్తాయి. ఒకే డోరు ఉండి, ముందు వరస ఆగే అవసరం లేనిచోట ఎస్2 మంచి ఎంపికే. మార్చకుండా తీసుకెళ్లదగినది నిలబెట్టిన పాలెట్ పరీక్ష ఒక్కటే. ఏ పరికరమూ కొనకుండా, పని ఆగకుండా, మధ్యాహ్న భోజన విరామంలో చేయవచ్చు.

ఎస్1 గుర్తు నిలిచే కాలం చిప్పును బట్టి, ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుంది. కాబట్టి చీటీల సరఫరాదారు చిప్పు రకం మార్చినప్పుడు, ఎండాకాలం మొదట్లో ఒకసారి, రీడ్ల లాగ్‌లో ట్యాగుకు సగటున ఎన్ని రీడులు వస్తున్నాయో చూడమని గోదాము బృందానికి రాసిచ్చాము. ఆ సగటు రెండు దాటి పెరగడం మొదలైతే గుర్తులు త్వరగా చెరిగిపోతున్నాయని అర్థం. అప్పుడు పవరు జోలికి పోకుండా, యాంటెన్నా సమయాన్ని, క్యూను ముందు చూడాలి.